థార్ రాక్స్ ఫోర్‌బైఫోర్ కొన్నప్పుడు ఏవి తీసుకున్నాను, ఏవి వద్దన్నాను

మేము నర్సీపట్నంలో ఉంటాము. చింతపల్లి, గూడెం కొత్తవీధి మండలాల్లోని రైతుల దగ్గర కాఫీ గింజలు, మిరియాలు కొని విశాఖపట్నానికి చేర్చడం మా పని. ఘాట్ రోడ్డు దిగి ఊళ్లలోకి వెళ్లే దారుల్లో చాలా చోట్ల తారు ఉండదు. వర్షాకాలంలో గెడ్డలు (కొండవాగులు) దాటాలి, కోతల కాలంలో నిండు బస్తాలతో ఎర్రమట్టి ఎత్తులు ఎక్కాలి. పాత బొలెరోను అమ్మేసి నాలుగు చక్రాలకూ శక్తి అందే ఫోర్‌వీల్ డ్రైవ్ (ఫోర్‌బైఫోర్) బండి తీసుకోవాలని 2025 ఆగస్టులో నిర్ణయించుకున్నాము. బండి ఏది అన్నది తేల్చుకోవడానికి పెద్దగా సమయం పట్టలేదు. వెనక సీటు మడిస్తే బస్తాలు పట్టాలి, ఇంటిల్లిపాదీ కూర్చోవాలి, డీజిల్ కావాలి అనుకున్నాక మహీంద్రా థార్ రాక్స్ దగ్గర ఆగాము. అసలు శ్రమ అంతా ఆ తరువాతే మొదలైంది. ఏ వేరియంట్, ఏ రంగు సీట్లు, ఏ యాక్సెసరీలు, అవి షోరూంలో పెట్టించుకోవాలా బయట పెట్టించుకోవాలా అన్న ప్రశ్నలతోనే దాదాపు మూడు నెలలు గడిచాయి.

ఆగస్టు రెండో వారంలో విశాఖపట్నంలోని ఒక షోరూంకు వెళ్లినప్పుడు టెస్ట్ డ్రైవ్‌కు ఇచ్చినది పెట్రోల్, ఆటోమేటిక్, వెనక చక్రాలకు మాత్రమే శక్తి అందే బండి. బీచ్ రోడ్డు మీద అది హాయిగా నడిచింది కానీ నేను కొనబోయే బండి అది కాదు. నాకు కావలసిన డీజిల్ మాన్యువల్ ఫోర్‌బైఫోర్ బండిని నడిపి చూడకుండా డబ్బు కట్టనని చెప్పినప్పుడు సేల్స్ అబ్బాయి కొంచెం ఇబ్బంది పడ్డాడు గానీ మర్యాదగానే వేరే బ్రాంచి నుంచి తెప్పిస్తానన్నాడు. అందుకు రెండు వారాలకు పైగా పట్టింది. ఆ ఆలస్యం వల్ల మాకు మేలే జరిగింది. సెప్టెంబరు 3న జీఎస్టీ కౌన్సిల్ రేట్లను మార్చింది. నాలుగు మీటర్ల పొడవు, 1500 సీసీ దాటిన ఇలాంటి బండ్ల మీద సెస్సుతో కలిపి 50 శాతంగా ఉన్న పన్ను 40 శాతానికి దిగింది. ఆగస్టులో ఇచ్చిన కొటేషన్ కాగితాన్ని పక్కన పడేసి కొత్తది రాయించుకున్నాము. చాలామంది గమనించని మరో సంగతి ఏమిటంటే, సెప్టెంబరు 22 నుంచి ఆటో విడిభాగాల మీద 28 శాతం ఉన్న జీఎస్టీ కూడా 18 శాతానికి తగ్గింది కనుక యాక్సెసరీల బిల్లును పాత ధరతో చూపిస్తే ఒప్పుకోవలసిన పని లేదు. మా జాబితాలో రెండు వస్తువులకు పాత ధరే రాసి ఉంటే అడిగి సరిచేయించాను.

మా దగ్గర చాలా ఏళ్లుగా బండి నడుపుతున్న డ్రైవరు బాబాయిని టెస్ట్ డ్రైవ్‌కు వెంట తీసుకువెళ్లాను. ఆయన లోపల స్క్రీను వైపు చూడనే లేదు. గేరు పక్కనున్న రెండో లివరును పట్టుకుని 2హెచ్ (వెనక చక్రాలకే శక్తి) నుంచి 4హెచ్‌కు (నాలుగు చక్రాలకూ శక్తి), బండి ఆపి న్యూట్రల్‌లో పెట్టి 4ఎల్‌కు (నాలుగు చక్రాలకూ తక్కువ వేగంలో ఎక్కువ బలం ఇచ్చే లో రేంజ్) మార్చి, ఎత్తు మీద బ్రేకు వదిలి క్లచ్ మీదే నెమ్మదిగా ఎక్కించి చూశారు. దిగేటప్పుడు ఫస్ట్ గేరులో 4ఎల్ పెట్టి, బ్రేకు తొక్కకుండా ఇంజన్ పట్టు ఎంత ఉందో చూశారు. అప్పటికి మా అమ్మాయి ఫోనులో పై వేరియంట్లో ఉండే పెద్ద అద్దపు పైకప్పు వీడియోలు చూపిస్తూ అదే కావాలని పట్టుబడుతోంది. బాబాయి నవ్వి, "గెడ్డలో దిగిపోనాక పైకి లాగేది సక్రాలే గానీ పైనున్న అద్దం కాదు బాబూ" అన్నారు.

ఆ రాత్రి కూర్చుని జాబితాను రెండుగా విడదీశాను. తరువాత ఎప్పుడూ బిగించుకోలేనివి ఒక వైపు, ఎప్పుడైనా బిగించుకోగలిగినవి మరో వైపు. ఫోర్‌వీల్ డ్రైవ్, లో రేంజ్ గేరు, వెనక డిఫరెన్షియల్ లాకు, ఎయిర్‌బ్యాగులు, గేరుబాక్సు రకం మొదటి వైపుకు వస్తాయి. వీటిని ఫ్యాక్టరీలో పెట్టాల్సిందే, బయట ఏ మెకానిక్కూ వీటిని నమ్మకంగా చేర్చలేడు. టైర్లు, లైట్లు, మ్యాట్లు, స్పీకర్లు, డ్యాష్‌క్యామ్, క్యారియర్ అన్నీ రెండో వైపు. ఇలా రాసుకున్నాక మధ్య వేరియంట్ అయిన ఎంఎక్స్5 ఫోర్‌బైఫోర్ మాన్యువల్ మాకు సరిపోతుందని తేలింది. అందులో ఎలక్ట్రానిక్ డిఫరెన్షియల్ లాకు వస్తుంది. ఒక వెనక చక్రం గుంటలో గాలిలో లేచి ఊరికే తిరుగుతున్నప్పుడు రెండో చక్రానికి కూడా బలం అందించేది అదే, మా దారుల్లో రోజూ ఎదురయ్యే పరిస్థితి కూడా అదే. ఆరు ఎయిర్‌బ్యాగులు రాక్స్‌లో కింది వేరియంట్ నుంచే ఉన్నాయి.

అన్నిటికంటే పై వేరియంట్ ఏఎక్స్7ఎల్ తీసుకుంటే పెద్ద పైకప్పు అద్దం, చల్లగాలి వచ్చే సీట్లు, నాలుగు వైపులా చూపే కెమెరా, 19 అంగుళాల చక్రాలు వస్తాయి. కెమెరా నిజంగా పనికొచ్చేదే, ఇరుకు మలుపుల్లో అది ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను. కానీ 19 అంగుళాల చక్రం మీద టైరు గోడ ఎత్తు తగ్గుతుంది, రాళ్ల మీద గాలి తగ్గించి నడిపేటప్పుడు రిమ్‌కు దెబ్బ తగిలే అవకాశం పెరుగుతుంది. ఎంఎక్స్5లో వచ్చే 255/65 ఆర్18 సైజుకు ఆల్ టెరెయిన్ (తారుకూ మట్టికీ పనికొచ్చే) టైర్లు సులువుగా దొరుకుతాయి కూడా. ఇక డబ్బు సంగతి చూస్తే రెండు వేరియంట్ల ఎక్స్-షోరూం (లైఫ్ ట్యాక్స్, ఇన్సూరెన్సు కలపని) ధరల మధ్య తేడా దాదాపు రెండు లక్షలు. ఆ తేడా అక్కడితో ఆగదు. లైఫ్ ట్యాక్స్‌ను ఎక్స్-షోరూం ధర మీదే, అది కూడా ధర పెరిగే కొద్దీ శాతం పెరిగే శ్లాబుల్లో లెక్కిస్తారు కనుక ఆ పన్ను ఒక్కటే ముప్పయి వేలకు పైగా పెరుగుతోంది. ఇన్సూరెన్సు ప్రీమియం కూడా దాని వెంట పెరుగుతుంది. అదే రెండు లక్షల విలువైన వస్తువులు తరువాత బయట కొనుక్కుంటే వాటి మీద జీఎస్టీ తప్ప లైఫ్ ట్యాక్స్ పడదు. వేరియంట్ల ధరలు పోల్చేవారు ఎక్స్-షోరూం అంకె దగ్గర ఆగకుండా రోడ్డు మీదకు వచ్చే ఖర్చు దాకా లెక్క వేసుకోవాలి.

సీట్ల రంగు దగ్గర ఇంట్లో అసలైన చర్చ జరిగింది. తెల్లని ఐవరీ సీట్లు చూడటానికి చాలా బాగున్నాయి, బండి కూడా త్వరగా దొరుకుతుందన్నారు. గోధుమ రంగు మోకా కావాలంటే ఇంకొన్ని వారాలు ఆగాలన్నారు. మా ఆవిడ షోరూంలో మారు మాట్లాడకుండా బయటకు వెళ్లి, పాత బండి మడ్‌గార్డు లోపల ఎండిన ఎర్రమట్టిని వేలితో గీకి, తడి చేతిరుమాలు మీద రుద్ది, నీళ్లతో రెండుసార్లు పిండి తెచ్చి చూపించింది. నారింజ రంగు మరక అలాగే ఉంది. కాఫీ పండు తొక్క రసం మరక ఇంతకంటే మొండిది. మోకా రంగు రాయించాము.

సెప్టెంబరు 24న 21,000 రూపాయలు కట్టి బుక్ చేశాము. అయిదు వారాలు పడుతుందన్నారు. కొత్త కొటేషన్‌ను ఇంటికి తెచ్చి గీత గీతా చదివాను. బండి ధర, లైఫ్ ట్యాక్స్ గీతల తరువాత 1 శాతం టీసీఎస్ (అమ్మేవారు ముందే వసూలు చేసే ఆదాయపు పన్ను) ఉంది. పది లక్షలు దాటిన కారుకు అది తప్పదు, ఆదాయపు పన్ను రిటర్నులో సర్దుబాటు అవుతుంది కనుక దాని గురించి బెంగ పెట్టుకోలేదు. తరువాతి గీతలో హ్యాండ్లింగ్ చార్జీల పేరుతో పన్నెండు వేలు, ఆ కింద ఎసెన్షియల్ ప్యాక్ పేరుతో 86 వేల యాక్సెసరీలు ఉన్నాయి. మ్యాట్లు, మడ్ ఫ్లాప్స్, సీటు కవర్లు, డోర్ వైజర్లు, పైపు ఫుట్‌స్టెప్, క్రోమ్ పట్టీలు, పెయింటు కోటింగు, కింది భాగానికి తుప్పు పట్టని పూత, బాడీ కవరు అన్నీ ఒకే మొత్తంలో కలిపి రాశారు. ఈ ప్యాక్ తప్పనిసరి అని, తీసుకోకపోతే బండి వరుసలో వెనక్కి వెళ్తుందని ఫోనులో చెప్పారు. ఆ మాటను మెయిల్‌లో రాసి పంపమని మర్యాదగా అడిగాను. మెయిల్ రాలేదు, ఆ తరువాత తప్పనిసరి అన్న మాట కూడా వినిపించలేదు. హ్యాండ్లింగ్ గీతను కొట్టేశారు. ప్యాకును విడదీసి ఒక్కో వస్తువుకు ధర రాసివ్వడానికి మాత్రం పది రోజులు తీసుకున్నారు.

విడదీశాక నేను ఉంచుకున్నవి మూడే: అంచు ఎత్తుగా ఉండే రబ్బరు మ్యాట్లు, వెనక సామాను చోటుకు అదే రకం ట్రే, మడ్ ఫ్లాప్స్. మూడింటికీ కలిపి పదమూడు వేలు దాటలేదు. కార్పెట్ మ్యాట్లు మా లాంటి వాళ్లకు దండగ, తడిసిన మట్టి అందులో ఇంకిపోయి వాసన పడుతుంది. రబ్బరు ట్రేను బయటకు తీసి గొట్టం పెట్టి కడిగేయవచ్చు. పైపు ఫుట్‌స్టెప్ ఎందుకు వద్దన్నానంటే, అది బండి పక్కన కిందికి వేలాడుతుంది, గట్టు మీద ఆనితే మన బరువు మోయాల్సిన బ్రాకెట్లే ముందు వంగుతాయి. రాళ్ల దారికి కావలసింది చాసిస్‌కు (బండి కింది చట్రానికి) బోల్టులతో బిగించి, బండి బరువు మొత్తం మీద పడినా తట్టుకునే రాక్ స్లైడర్. చూపుకు రెండూ ఒకేలా ఉంటాయి కనుక కొనేముందు కింద పడుకుని బ్రాకెట్ ఎక్కడ బిగించారో చూడాలి.

ముందు ఇనుప బంపరు (బుల్ బార్), వించ్ (కూరుకుపోయిన బండిని తాడుతో లాగే మోటారు) పెట్టించమని స్నేహితులు చాలామంది చెప్పారు. నేను రెండు కారణాలతో వద్దనుకున్నాను. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ ఇచ్చిన రూపాన్ని మార్చడం కుదరదని సుప్రీంకోర్టు 2019లో స్పష్టంగా చెప్పింది. బుల్ బార్ల మీద చర్య తీసుకోమని కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబరులోనే రాష్ట్రాలకు రాసింది. రెండో కారణం నాకు ఇంకా ముఖ్యం. ముందు బంపరు నలిగే తీరును బట్టే ఎయిర్‌బ్యాగులు ఎప్పుడు తెరుచుకోవాలో లెక్క కడతారు, అక్కడ గట్టి ఇనుము అడ్డం పెడితే ఆ లెక్క తప్పుతుంది. పిల్లలు కూర్చునే బండిలో ఆ పని చేయలేను. స్నార్కెల్ (ఇంజన్‌కు గాలిని పైకప్పు ఎత్తు నుంచి అందించే గొట్టం) మాట కూడా వచ్చింది. ఈ బండికి కంపెనీ చెప్పిన నీటి లోతు 650 మిల్లీమీటర్లు, అంటే దాదాపు నా మోకాలు దాటి తొడ మొదలు దాకా. స్నార్కెల్ ఇంజన్‌లోకి నీరు పోకుండా ఆపుతుందేమో గానీ అంతకు మించిన ప్రవాహంలో బండి పక్కకు కొట్టుకుపోకుండా ఆపలేదు. ఆ లోతు దాటితే గెడ్డ ఇవతలే ఆగాలని మేము ముందే అనుకున్నాము.

తొందరపడకుండా ఆగి బయట కూడా ధర అడగడం ఇన్సూరెన్సు విషయంలో బాగా కలిసి వచ్చింది. షోరూం ఇచ్చిన కొటేషన్ లక్షకు పైగా ఉంది. అదే విలువకు, అవే అదనపు రక్షణలతో బయట అడిగితే 79 వేలకు వచ్చింది. 1500 సీసీ దాటిన కారుకు మూడేళ్ల థర్డ్ పార్టీ ప్రీమియం అప్పుడు 24,596 రూపాయలు, ప్రభుత్వం నిర్ణయించినదే కనుక ఎక్కడైనా ఒకటే. తేడా అంతా సొంత నష్టం భాగంలోనే ఉంటుంది. జీరో డిప్రిసియేషన్‌తో (విడిభాగాల తరుగుదల కోయకుండా చెల్లించే రక్షణతో) పాటు ఇంజన్ ప్రొటెక్షన్ తీసుకున్నాను, ఎందుకంటే నీరు లోపలికి వెళ్లి ఇంజన్ పట్టేస్తే మామూలు పాలసీ ఆ నష్టాన్ని ఇవ్వదు. ఆగిన ఇంజన్‌ను నీళ్లలోనే మళ్లీ స్టార్ట్ చేయకూడదన్న సంగతి ఇంట్లో నడిపే అందరికీ చెప్పి ఉంచాను.

అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను తీరం దాటింది. అప్పటికి మా బండి దారిలో ఉందన్నారు. తరువాత వారం రోజులు ఎవరికీ ఖచ్చితమైన సమాచారం లేదు. ఇంట్లో పెద్దవాళ్లకు మరో ఆందోళన, నవంబరు ఆఖర్లో శుక్ర మూఢమి మొదలవుతుందని, ఆలోగా బండి రాకపోతే ఫిబ్రవరి దాకా ఆగాలని. కోతల కాలమంతా అద్దె జీపుల మీద గడపాల్సి వస్తుందేమోనని నాకు నిద్ర పట్టలేదు. చివరకు నవంబరు 8న యార్డుకు చేరిందని ఫోను వచ్చింది.

పూర్తి డబ్బు కట్టక ముందే యార్డులో బండి చూపించమని అడిగాను. బాబాయి, నేను టార్చిలైటు పట్టుకుని వెళ్లాము. చాసిస్ ప్లేటు మీద తయారీ నెల, మీటరు రీడింగు, టైరు గోడ మీద తయారైన వారం, సంవత్సరం తెలిపే నాలుగంకెలు, స్టెప్నీ సైజు, అద్దాల మీద గుర్తులు చూశాము. బండి కదిలించి 4ఎల్ పడుతోందో లేదో, డిఫరెన్షియల్ లాకు దీపం వెలుగుతోందో లేదో చూశాము. బండిలో ఏ లోపమూ లేదు కానీ నేను రాయని సీటు కవర్లు అప్పటికే బిగించి ఉన్నాయి. పొరపాటున వేసేశాము, ఉంచేసుకోండి, సగం ధరకు ఇస్తామన్నారు. ముందు సీట్ల పక్క ఎయిర్‌బ్యాగు సీటు అంచులోని కుట్టు చీల్చుకుని బయటకు రావాలి. నేను ఆ కవరు అంచును వేళ్లతో తడిమి చూస్తే రెండు పొరల గుడ్డ, దట్టమైన నైలాను కుట్టు తగిలాయి, ఎయిర్‌బ్యాగు కోసం వదలాల్సిన బలహీనమైన కుట్టు ఎక్కడా లేదు. అక్కడే నిలబడి తీయించాను. ఉచితంగా ఇచ్చినా వద్దనేవాణ్ని. పక్క ఎయిర్‌బ్యాగులున్న ఏ బండికైనా కవరు వేయించేవారు ఆ కుట్టును తప్పకుండా చూసుకోవాలి.

నవంబరు 14, శుక్రవారం ఉదయం బండి ఇంటికి వచ్చింది. ఆ ఆనందం గురించి ఎంత రాసినా తక్కువే; మా అమ్మ నిమ్మకాయలు తొక్కించి, బాబాయిని మొదట కూర్చోమంది.

బయట కొన్న వాటిలో ముందు రికవరీ సామాను వచ్చింది. సాగే గుణమున్న కైనెటిక్ తాడు, రెండు సాఫ్ట్ షాకిళ్లు (తాడును బండి హుక్కుకు తగిలించే మెత్తని తాడు లంకెలు), 12 వోల్టుల గాలి పంపు, గాలి కొలిచే గేజి, ఇసుకలో చక్రం కింద పెట్టే రెండు పలకలు, మడత పార కలిపి పంతొమ్మిది వేలు అయ్యాయి. మొత్తం కొనుగోలులో ఇంత త్వరగా పనికొచ్చిన డబ్బు మరొకటి లేదు. డిసెంబరు మొదటి వారంలో సప్పర్ల దారిలో ఒక లోడు జీపు బురదలో కూరుకుపోయి దారి మూసేసింది. బాబాయి మా బండి ఫ్యాక్టరీ హుక్కుకు షాకిల్ తగిలించి, తాడు మధ్యలో తడిపిన గోనెసంచి వేశారు. తాడు తెగితే కొరడాలా విసురుగా వచ్చి మనిషిని కొట్టకుండా ఆ బరువు కిందికి లాగుతుంది. చుట్టూ ఉన్నవాళ్లను తాడు పొడవుకు రెండింతల దూరం జరిపి, 4ఎల్‌లో నెమ్మదిగా లాగితే జీపు కదిలింది. ట్రెయిలర్ తగిలించే గుండు కొక్కేనికి మాత్రం ఎప్పుడూ తాడు కట్టకూడదు, అది విరిగి తుపాకి గుండులా దూసుకు వస్తుంది.

బండితో వచ్చిన టైర్లను ఇచ్చి ఆల్ టెరెయిన్ టైర్లు తీసుకుంటానంటే షోరూంలో కుదరదన్నారు. సంక్రాంతి తరువాత నర్సీపట్నంలోనే మార్చాను. సైజు మార్చలేదు. పెద్ద టైరు వేస్తే మీటరు వేగం తప్పు చూపుతుంది, మలుపులో మడ్‌గార్డుకు రాసుకుంటుంది, వారంటీ దగ్గర మాట వస్తుంది. లోడు ఇండెక్సు (టైరు మోయగల బరువు తెలిపే అంకె) పాతదాని కంటే తగ్గకుండా చూసుకున్నాను. ఒక్కోటి 15,500, స్టెప్నీతో కలిపి అయిదు. ఫోర్‌వీల్ బండిలో నాలుగు చక్రాల చుట్టుకొలత ఒకటిగా ఉండాలి కనుక స్టెప్నీ పాతది ఉంచుకోవడం నాకు ఇష్టం లేకపోయింది. పెద్దగా అరగని పాత టైర్లకు దుకాణదారు నలభై వేలు ఇవ్వడం మేము ఊహించని ఊరట. తారు రోడ్డు మీద హోరు కొంచెం పెరిగింది, బురదలో పట్టు మాత్రం చాలా మెరుగుపడింది.

లంబసింగి మంచులో తెల్లవారుజామున నడపాలి కనుక అదనపు లైట్లు రెండు పెట్టించాను, పైకప్పు మీద కాదు, బంపరుకు కింద, పసుపు రంగువి. పైనుంచి పడే వెలుగు మంచు మీద పడి కళ్లలోకే తిరిగి వస్తుంది. కంపెనీ తీగలు ఎక్కడా కోయకుండా బ్యాటరీ నుంచి వేరే ఫ్యూజు, రిలేలతో లాగించి, ఆ బిల్లును ఇన్సూరెన్సు కంపెనీకి పంపి పాలసీలో చేర్పించాను. ఇలాంటి ఎలక్ట్రికల్ వస్తువులకు వాటి విలువలో 4 శాతం అదనపు ప్రీమియం కట్టించుకుంటారు. చెప్పకుండా వదిలేస్తే ప్రమాదంలో వాటికి పైసా రాదు.

రాక్ స్లైడర్లు ఇంకా కొనలేదు. మొదటి సర్వీసులో బండిని ర్యాంపు మీద ఎక్కించినప్పుడు మెకానిక్కుతో పాటు కిందికి వెళ్లి గీతలు ఎక్కడెక్కడ పడ్డాయో సుద్దముక్కతో గుర్తు పెట్టించి ఫోటోలు తీసుకున్నాను. ముందు, వెనక కొసలు చాలా ఎత్తుగా ఉండటం వల్ల అక్కడ ఒక్క గీత కూడా లేదు. 2850 మిల్లీమీటర్ల వీల్‌బేసు (ముందు, వెనక చక్రాల మధ్య దూరం) కదా, గట్టు దాటేటప్పుడు నడుము ఆనుతోంది. తలుపుల కింద రెండు వైపులా, ట్రాన్స్‌ఫర్ కేసు (ముందు, వెనక చక్రాలకు శక్తిని పంచే పెట్టె) కింది ప్లేటు మీద గీతలు ఉన్నాయి. విశాఖపట్నంలో ఒక వర్క్‌షాపు చాసిస్‌కు వెల్డింగ్ చేస్తానంది, వద్దన్నాను. బోల్టులతో బిగించేవి చేసే మరొకరు జతకు 32 వేలు, నెల రోజులు అడిగారు. ఆ ఫోటోలు ఆయనకు పంపి, బరువు ఎంతో, బ్రాకెట్లు చాసిస్‌కు ఎన్ని చోట్ల పడతాయో రాసివ్వమన్నాను. జవాబు వచ్చాకే అడ్వాన్సు కడతాను.